తీరభూములు - మారుచున్న నిబంధనలు

సముద్రపుటొడ్డున సేద్యము చేయు రైతు శాసనముల రాకపోకలను గూడ కనిపెట్టి యుండవలెను. పెద్దపోటు నీరు చేరు గీత మొదలు 500 మీటర్ల వరకు గల భూమిని కేంద్రప్రభుత్వము 1991 ఫిబ్రవరి 19వ తేదీన నియంత్రిత తీరమండలముగా ప్రకటించెను. అయినను రొయ్యల చెరువులు ప్రబలెను. ఉప్పునీరు వరిచేలలోనికిని, మంచినీటి బావులలోనికిని ఊరెను. తమిళనాటి గాంధేయులు శ్రీ ఎస్. జగన్నాథన్ గారు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. సంప్రదాయ పద్ధతివి తప్ప ఆ మండలమున చెరువులు కూడవనియు, సాగుభూములను చెరువులుగా మార్పరాదనియు 1996 డిసెంబరు 11న తీర్పు వెలువడెను.

పిమ్మట 2005లో పార్లమెంటు వేరొక శాసనము చేసెను. అందు తీరమున జలచరముల పెంపకమునకు అనుమతుల పద్ధతి నేర్పరచి, 1991 నాటి నిషేధము ఆ పెంపకమునకు మొదటినుండియు వర్తింపదనిరి. 2019లో జనసాంద్రత హెచ్చుగా నున్న పల్లెలయందు కట్టడములు కూడని మేరను 200 మీటర్ల నుండి 50 మీటర్లకు తగ్గించిరి.

కావున కోర్టు తీర్పు వచ్చినదని నిశ్చింతగా నుండరాదు. నిబంధనల ముసాయిదా ప్రకటించి ఆక్షేపణలు కోరునపుడే మనము మాటాడవలెను. ఒంటరి రైతు మొర వినబడుట యరుదు. ఉప్పు పట్టిన పొలముల సర్వే నంబర్లతో సంఘము తీర్మానము చేసి, గడువులోపల పంపవలెనని సభ్యులను కోరుచున్నాము.