ముందు నీ భుజాన్ని అడుగు

కార్తీక్,

అక్టోబరులో ఎల్క్ దుప్పుల వేటకు నాతో వస్తానన్నావు, సంతోషం. .300 విన్‌మ్యాగ్ కొననా, 6.5 క్రీడ్‌మూర్ సరిపోతుందా అని అడిగావు. పైగా ఐదొందల గజాల నుంచి కొట్టాలని ఉందన్నావు. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు, అందుకే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి విను. కొలరాడోకి వచ్చిన కొత్తలో నేనూ పెద్దదే కొన్నాను, .300 విన్‌మ్యాగ్. 1963 నుంచి ఉన్న తూటా, దాని శక్తికి వంక పెట్టలేం. వంకంతా నా భుజంలో ఉంది. రెండో ఏడాది నా గుండు ఒక ఎల్క్‌కి పొట్టలో తగిలింది. చీకటి పడేదాకా, మళ్లీ మర్నాడు పొద్దంతా, ఆస్పెన్ తోపుల్లో రాలిన ఆకుల మీద నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగాం. దొరకలేదు.

ఆ తర్వాత రేంజ్‌లో, నాకు వేట నేర్పిన పెద్దాయన నాకు తెలియకుండా తుపాకీలో ఉత్తుత్తి తూటా పెట్టి చేతికిచ్చాడు. ట్రిగ్గర్ నొక్కాను. టక్‌మంది, అంతే. పేలలేదు, తన్నలేదు. కానీ గొట్టం మూతి బెత్తెడు కిందికి దిగింది. రాబోయే తన్నుకి జడిసి నా చెయ్యే దాన్ని తోసేసింది. "చూశావా?" అన్నాడాయన. ఇంకేం అనలేదు.

ఇప్పుడు లెక్కలు. 6.5 క్రీడ్‌మూర్ 2007లో గురి పోటీల కోసం పుట్టింది. దాని 143 గ్రెయిన్ల గుండు సన్నగా, పొడవుగా ఉండి గాలిని చీల్చుకుపోతుంది. గొట్టం దాటేటప్పుడు సెకనుకు 2700 అడుగుల వేగం. 500 గజాల దగ్గర కూడా దాదాపు 2000 మిగులుతుంది. చాలా వేట గుండ్లు లోపల విచ్చుకోవడానికి 1800 చాలు. తన్ను .300 మ్యాగ్నమ్ తన్నులో ఇంచుమించు సగం. అయితే ఎల్క్‌కి 1500 ఫుట్‌పౌండ్ల శక్తి తగలాలని పాతకాపులు ఒక గీత గీసుకున్నారు. 6.5 ఆ గీతను 400 గజాలకు కాస్త ముందే దాటి కిందికి దిగుతుంది. మ్యాగ్నమ్‌కి 500 దాటినా శక్తి మిగులుతుంది. నువ్వు మ్యాగ్నమ్ వైపు మొగ్గడానికి కారణం ఇదే, నాకు తెలుసు.

కానీ గాలి మాటేమిటి? గంటకు పది మైళ్ల అడ్డగాలి 400 గజాల్లో 6.5 గుండుని తొమ్మిది అంగుళాల మేర పక్కకు తోస్తుంది. మ్యాగ్నమ్ కొన్నా అందులో అంగుళమో రెండో తగ్గుతుందేమో. గుండు ఎంత కిందికి దిగుతుందో దూరం కొలిచే లేజర్, పట్టిక చూసుకుని చెప్పొచ్చు. లోయ మధ్యలో గాలి ఎటు తిరుగుతోందో అవి చెప్పవు. మీ తాతయ్య జొన్నచేలో మంచె మీద వడిసెల తిప్పే ముందు గుప్పెడు దుమ్ము వదిలి చూసేవాడు. ఆయనకి తెలిసినంత గాలి నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకని 6.5 కొను. మిగిలిన డబ్బు తూటాలకి పెట్టు. బల్ల మీద ఆనించి కాల్చడం గురి సరిచూసుకునే రోజుతో సరి. ఆ తర్వాత కూర్చుని, మోకాలి మీద, వీపున బరువు మోసి ఆయాసపడుతూ కాల్చు. తొమ్మిది అంగుళాల కాగితం పళ్లెం పెట్టుకో. పదిరోజుల్లో పదిసార్లూ, మొదటి గుండే ఎంత దూరం నుంచి పళ్లెంలో పడుతుందో అదే నీ దూరం. అది 250 అయితే 250. మిగతాది కాళ్లతో నడిచి దగ్గర చేసుకోవాలి.

హంటర్ ఎడ్యుకేషన్ కార్డు మర్చిపోకు, అది లేకపోతే లైసెన్సు ఇవ్వరు. మీ అమ్మకి నేను నచ్చజెబుతాను.

వచ్చేటప్పుడు ఆ పళ్లేలు పట్టుకురా, చూస్తాను. ఒక ఉత్తుత్తి తూటా నా జేబులో ఉంటుంది. దాన్ని నీ తుపాకీలో ఎప్పుడు పెడతానో మాత్రం చెప్పను.

ఇట్లు,
మామయ్య