జావాస్క్రిప్టు – పుట్టుక, ప్రయోజనాలు

కంప్యూటరు చేత పని చేయించుకోవడానికి మనిషి ఏర్పరచుకున్న భాషలు వందలకొద్దీ ఉన్నాయి. వాటిలో వెబ్ పేజీకి కదలిక నేర్పిన భాష జావాస్క్రిప్టు. మన తెలుగు అక్షరానికి కూడా ఇది ఎంతో మేలు చేసింది. ఆ సంగతి తోటి విద్యార్థులకు చెప్పడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

పుట్టుక

1995 మే నెలలో అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఇంజనీరు దీని తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశాడు. మొదట మోకా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్టు అన్నారు. ఆ ఏడాది డిసెంబరులో జావాస్క్రిప్టు అనే పేరు ఖాయమైంది. అప్పట్లో జావా అనే మరో భాషకు మంచి గిరాకీ ఉండేది, అందుకే ఆ పేరు. నేలవేము పేరులో వేము ఉన్నంత మాత్రాన అది వేపచెట్టుకు చుట్టమవుతుందా? వీటి సంగతీ అంతే. 1997లో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ దీనికి నియమావళి ప్రకటించింది. దానితో ఏ కంపెనీ బ్రౌజరైనా దీన్ని ఒకే రీతిగా అర్థం చేసుకునే వీలు కలిగింది.

పనిచేసే తీరు

అంతకుముందు దరఖాస్తు ఫారంలో ఒక్క గడి ఖాళీగా వదిలినా, ఫారం మొత్తం దూరాన ఉన్న సర్వరుకు వెళ్లి, తప్పుందని తిరిగి వచ్చేది. వడ్లు కొనుగోలు కేంద్రానికి తోలుకుపోయాక తేమ 17 శాతం దాటిందంటే రైతు పడే అవస్థ లాంటిదే ఇది. కళ్లంలోనే తేమ చూసుకుంటే ఆ తిప్పలు ఉండవు కదా! జావాస్క్రిప్టు చేసేది ఆ కళ్లంలో పరీక్షే. చదివేవారి బ్రౌజరులోనే లెక్క తేల్చి చెబుతుంది. అయితే కేంద్రంలో మళ్లీ తేమ చూసినట్టే సర్వరు కూడా మళ్లీ సరిచూసుకోవాలి. బ్రౌజరులోని పరీక్షను తప్పించుకోవడం తెలిసినవాడికి కష్టం కాదు.

హడావుడిగా పుట్టిన భాష కనుక వింతలూ ఉన్నాయి. కొటేషన్ గుర్తుల మధ్య రాసిన 5కు 3 కలపమంటే 8 రాదు, 53 వస్తుంది. తీసివేయమంటే మాత్రం సరిగ్గా 2 వస్తుంది! ఇప్పుడు దిద్దబోతే పాత పేజీలు చెడిపోతాయని అలాగే ఉంచారు.

2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ దీని సత్తా లోకానికి చూపాయి. 2009లో వచ్చిన నోడ్ వల్ల సర్వరు పని కూడా ఈ భాషలోనే చేసుకోవచ్చు.

తెలుగుకు చేసిన మేలు

1991లో వచ్చిన యూనికోడ్ తొలి ప్రతిలోనే మన అక్షరాలకు సంఖ్యలు ఇచ్చారు. 'రైతు' అంటే కంప్యూటరుకు 3120, 3144, 3108, 3137. కానీ చాలాకాలం తెలుగు పత్రికల వెబ్ పేజీలు ఎవరి ఫాంటు వారు వాడుకున్నాయి. ఆ ఫాంటు లేనిచోట అక్షరాలు పిచ్చిగీతలే. తెలుగు వికీపీడియాను 2003లో మొదలుపెట్టిన వెన్న నాగార్జున, అలాంటి ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ'ను తయారుచేశారు. దాని ఆధారంగా 2006లో వీవెన్ 'లేఖిని'ని తెచ్చారు. ఇంగ్లీషు కీలతో ఆర్, ఏ, ఐ, టీ, యూ నొక్కితే 'రైతు' అని తెర మీద పడుతుంది. కొనేది లేదు, కంప్యూటరులో ఎక్కించేది లేదు. మార్చేదంతా బ్రౌజరులోని జావాస్క్రిప్టే.

విద్యార్థులకు మనవి

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీధుల్లో గదులు తీసుకుని చదివేవాళ్లలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. మా గదిలో నలుగురికీ కలిపి ఒక్క పాత కంప్యూటరు ఉంది. ఈ భాష నేర్చుకోవడానికి అది చాలు. బ్రౌజరు ఉంటే పలకా బలపం ఉన్నట్టే.

మా నాన్నకు తెలుగు చదవడం బాగా వచ్చు. అయినా ఇంగ్లీషు పేజీ ఎదుట ఆయన నిరక్షరాస్యుడే. పత్తి ధర, వాన కబురు, అప్పు వివరం తెలుసుకోవాలంటే పక్కవాడి నోటికేసి చూడాలి. ఆయన చదవగల పేజీ రాయవలసింది ఎవరు? ఆ ఊళ్ల నుంచే వచ్చి సైన్సు చదువుతున్న మనం కాదా? పనిముట్టు చేతిలోనే ఉంది. ఇక దున్నడమే తరువాయి.