టీచర్ ధోరణి, పిల్లవాడి ధీమా

ప్రశ్న: మేం ఆక్లాండ్‌లో ఉంటాం. మా బాబుది ఇయర్ 5. లెక్కల్లో వెనకబడ్డవాళ్ల గ్రూపులో వేసినప్పటి నుంచీ "నాకు లెక్కలు రావమ్మా" అంటున్నాడు. టీచర్ ధోరణి పిల్లలపై అంతగా పనిచేస్తుందా?

జవాబు: పనిచేస్తుందమ్మా. మీ ఊరి విశ్వవిద్యాలయంలోనే క్రిస్టీన్ రూబీ-డేవీస్ ఏళ్ల తరబడి పరిశోధించింది ఈ సంగతే. ఆమె 2006 అధ్యయనంలో, క్లాసు మొత్తం మీద ఆశ తక్కువగా పెట్టుకున్న టీచర్ల దగ్గర పిల్లలకు ఏడాది తిరిగేసరికి చదువులో తమ మీద నమ్మకం బాగా తగ్గింది. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం ఇంకా చేదు: చదవడంలో మొదట మిగతావారితో సమానంగా ఉన్న మావోరీ పిల్లలపైనా టీచర్లు తక్కువ అంచనాలే పెట్టుకున్నారు.

గ్రూపుకి ఎంత ముద్దుపేరు పెట్టినా, పక్కవాడి వర్క్‌షీట్‌లో భిన్నాలు, తన దాంట్లో ఇంకా కూడికలు చూసి పిల్లాడు పసిగట్టేస్తాడు. పిల్లలపై ఆశ ఎక్కువున్న టీచర్లు గ్రూపుల్ని కలిపి, తరచూ మారుస్తారు.

టీచర్‌తో తగవు వద్దు. "ఏం వస్తే వీడికి పై లెక్కలిస్తారు? ఎప్పుడు చూస్తారు?" అని అడగండి. ఇంట్లో మాత్రం "మా వంశంలోనే లెక్కల్లేవు" అనే జోకులు ఈరోజే మానేయండి.