మంటిలోని దేనారము

పాఠ్యభాగము: మత్తయి 22:15-22

పెరటిలో పాదు త్రవ్వునప్పుడు పారకు ఒక పాత నాణెము తగిలినయెడల, ఇది ఎవరిది అను ప్రశ్న వెంటనే పుట్టును. మన ప్రభువును ఒక నాణెమును చూచి ఇట్టి ప్రశ్ననే అడిగెను.

ఆ దేనారము తిబెరి కైసరు (క్రీ. శ. 14-37) ముద్రించినదని పండితులు పలువురు తలంచుచున్నారు. అది సుమారు 3.8 గ్రాముల వెండి బిళ్ల. కూలివాని ఒక దినపు జీతము (మత్తయి 20:2). దానిమీద చక్రవర్తి ముఖమును, అతడు దివ్యుడైన ఔగుస్తు కుమారుడను వ్రాతయు ఉండెను. తిబెరి నాణెములు మన నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలోను దొరికినవి.

అట్టిది దొరికినవారు చింతపండుతో తోమరాదు, వ్రాత అరిగిపోవును. 1878వ సంవత్సరపు నిధి నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినయెడల కలెక్టరుగారికి వ్రాతమూలముగా తెలియజేయవలెను. దాచినవారికి శిక్ష కలదు.

ఎవరు చూచిరిలే అని కొంగున ముడివేసికొనుట సులభము. అయితే ప్రభువు చెప్పినవి రెండు మాటలని గమనించుడి. కైసరు రూపముగలది కైసరుకు చెందును. దేవుని స్వరూపమో నాణెముమీద లేదు, నరునియందున్నది (ఆదికాండము 1:27). కనుక నాణెమును దాచువాడు దేవునికి చెందవలసిన తన్నుతానే దాచుకొనుచున్నాడు.

పాత నాణెము మనలో అనేకులకు దొరకకపోవచ్చును. అంగడివాడు పొరపాటున ఎక్కువ ఇచ్చిన చిల్లర అందరికిని దొరకును. ఈ పాఠము అక్కడనే మొదలగును.