ఈ వారం పాఠం: పుట్టుమచ్చను ఇంట్లోనే తీసేశారా?



పురుగులు జ్వరంలో ఉన్నప్పుడు పడకలపై చల్లే సున్నం మన షెడ్డులో ఎప్పుడూ ఉంటుంది. కొందరు అదే సున్నంలో సోడా కలిపి పుట్టుమచ్చ మీద పెడతారు. ఇంకొందరు దారం బిగించి కడతారు, బ్లేడుతో కోస్తారు. సున్నం చర్మాన్ని లోతుగా కాల్చేస్తుంది. మచ్చ రాలినా కొంత అడుగున మిగిలిపోవచ్చు.

అసలు ఇబ్బంది వేరే ఉంది. పెబ్రిన్ ఉందో లేదో తల్లి చిలుకను మైక్రోస్కోపులో చూస్తేనే తెలుస్తుంది కదా. మచ్చ సంగతీ అంతే. చాలా మచ్చలతో ఏ హానీ ఉండదు. ఎక్కడో ఒకటి క్యాన్సర్ కావచ్చు. అనుమానం వస్తే డాక్టరు కోసి, ముక్కను ల్యాబుకు పంపుతారు. మనం కాల్చేస్తే పరీక్షకు ముక్కే మిగలదు.

ఇప్పటికే తీసేసి ఉంటే:

1. సబ్బు, మంచినీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. పసుపు, ఆకు పసరు పెట్టొద్దు.
2. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ కావాలేమో పీహెచ్‌సీలో అడగండి.
3. పుండు మానేదాకా సున్నం, బ్లీచింగ్ పౌడరు, ఫార్మాలిన్ పని ఇంకొకరికి అప్పగించండి.
4. వాచినా, చీము పట్టినా, మీకు జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.
5. మూడు వారాలైనా మానకపోయినా, రక్తం కారుతున్నా, నలుపు మళ్లీ వచ్చినా చర్మ డాక్టరుకు చూపించండి. నాందేడ్ వాళ్లకు విష్ణుపురిలో డాక్టర్ శంకర్‌రావు చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది.

ఇంట్లో తీసిన మాట డాక్టరు దగ్గర దాచొద్దు. మచ్చ కనిపించే పాత ఫొటో ఉంటే వెంట తీసుకెళ్లండి.