కరెంటు ఎవరి దగ్గర కొనాలి?

బియ్యం ఒక కొట్లో నచ్చకపోతే ఇంకో కొట్టుకు వెళతాం. సెల్‌ఫోను కంపెనీ నచ్చకపోతే నంబరు మార్చకుండానే మరో కంపెనీకి మారతాం. మరి కరెంటు సంగతి? కాకినాడలో ఇళ్ళకు కరెంటు అమ్మేది ఒక్కటే సంస్థ. అది విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. అది కాదనుకుంటే మనకు రెండో అంగడి లేదు.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో అలా కాదు. అక్కడి డల్లాస్, హ్యూస్టన్ నగరాల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కొత్త ఇంట్లో దిగేవాళ్ళు ముందుగా చేసుకోవలసిన పనుల్లో ఒకటి, కరెంటు కంపెనీని ఎంచుకోవడం. 2002 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రంలో ఎక్కువ ప్రాంతాల్లో ఈ పద్ధతి నడుస్తోంది. అయితే ఒక్కో ఇంటికి పది కంపెనీల తీగలు వస్తాయా? రావు. తీగ ఒక్కటే! ఇదెలా సాధ్యమో చూద్దాం.

మూడు పనులు

కరెంటు మన ఇంటికి చేరడంలో మూడు పనులున్నాయి. ఒకటి ఉత్పత్తి, రెండోది తీగల మీదుగా చేరవేయడం, మూడోది వాడుకదారుకు అమ్మి డబ్బు వసూలు చేయడం. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి చాలాకాలం ఈ మూడు పనులూ తానే చేసింది. 1998లో సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న మండలిని విడదీసి ఉత్పత్తికి జెన్‌కో, ప్రసారానికి ట్రాన్స్‌కో సంస్థలను ఏర్పరచారు. 2000లో పంపిణీ సంస్థలు విడిగా వచ్చాయి.

టెక్సాస్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ పోటీ ఉన్న ప్రాంతాల్లో అమ్మకాన్ని తీగల నుంచి కూడా విడదీశారు. ఒకే పొలానికి రెండు కాలువలు పక్కపక్కనే తవ్వడం దండగ కదా! అలాగే ఒకే వీధిలో రెండు వరసల స్తంభాలు పాతడం కూడా దండగే. అందుచేత తీగల పని ఒక్కొక్క ప్రాంతంలో ఒకే సంస్థకు ఉంచి, అమ్మకంలో మాత్రమే పోటీ పెట్టారు.

ఎవరి కరెంటు వస్తుంది?

ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అన్నీ గోదావరిలో కలిశాకే నీళ్ళు ధవళేశ్వరం చేరతాయి. అక్కడి నుంచి కాలువలో పొలానికి వచ్చిన నీటిని చూపించి, “ఈ బిందెడు శబరిది” అని ఎవరూ చెప్పలేరు. విద్యుత్ గ్రిడ్ కూడా అలాంటిదే. సీలేరు జలవిద్యుత్తు, ఇబ్రహీంపట్నం బొగ్గు విద్యుత్తు అన్నీ అందులో కలిసిపోతాయి. పైగా మన ఇళ్ళకు వచ్చేది ఏకాంతర విద్యుత్తు. తీగలోని ఎలక్ట్రాన్లు కేంద్రం నుంచి మన ఇంటిదాకా ప్రయాణం చేయవు. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయి, అంతే.

కాబట్టి కంపెనీ మారితే మన బల్బు ఎక్కువ వెలగదు, వోల్టేజి పెరగదు. మారేది లెక్క. మనం 300 యూనిట్లు వాడితే మన కంపెనీ 300 యూనిట్లు ఎక్కడో కొని గ్రిడ్‌లో జమ చేయించాలి. మీటర్లు ఆ జమాఖర్చు చెబుతాయి. వెయ్యి వాట్ల హీటరు గంటసేపు వాడుకునే శక్తి ఒక యూనిట్ అని మీకు తెలిసిందే.

చౌక ఏది?

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఇది మన అభ్యాసం కోసం ఊహించినదే కాని, ఇలాంటి పథకాలు టెక్సాస్‌లో నిజంగా అమ్ముతారు. మొదటి పథకంలో యూనిట్ 15 సెంట్లు. రెండో పథకంలో యూనిట్ 18 సెంట్లు. కాని నెలకు 1,000 యూనిట్లు నిండితే 50 డాలర్లు తగ్గిస్తారు.

1,000 యూనిట్లు వాడితే మొదటిదానికి 150 డాలర్లు, రెండోదానికి 130. రెండోదే చౌక! 900 యూనిట్లు వాడితే? మొదటిదానికి 135, రెండోదానికి 162. వంద యూనిట్లు పొదుపు చేసినందుకు 32 డాలర్లు ఎక్కువ కట్టాలన్నమాట. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసేది 1,000 యూనిట్ల దగ్గరి రేటే. అందుకే ముందు మన వాడకం తెలుసుకోవాలి, తరవాతే ధర చూడాలి.

2021 ఫిబ్రవరి పాఠం

ఇంకో రకం పథకంలో నిలకడ ధర ఉండదు. టోకు మార్కెట్లో ఏ గంటకు ఏ ధర ఉంటే అదే. మామూలు రోజుల్లో అది యూనిట్‌కు కొద్ది సెంట్లే కనుక కొందరు అందులో చేరారు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను భయంకరమైన చలిగాలులు చుట్టుముట్టాయి. గ్యాస్ బావులు, గొట్టాలు గడ్డకట్టాయి. ఉత్పత్తి పడిపోయింది, హీటర్ల వాడకం పెరిగింది. టోకు ధర గరిష్ఠ పరిమితికి, అంటే యూనిట్‌కు 9 డాలర్లకు చేరింది. రోజుకు 50 యూనిట్లు వాడిన ఇంటికి ఆ ధరలో ఒక్క రోజుకే 450 డాలర్లు! కొందరికి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఆ ఏడాదే అలాంటి పథకాలు ఇళ్ళకు అమ్మరాదని అక్కడ చట్టం చేశారు.

నిలకడ ధర పథకంలో ఉన్నవాళ్ళకు యూనిట్ ధర పెరగలేదు. కాని కరెంటు పోవడం మాత్రం వాళ్ళకూ తప్పలేదు. సుమారు 45 లక్షల ఇళ్ళూ దుకాణాలూ చీకటిలో పడ్డాయి. 246 మంది మరణించారని ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ తేల్చింది. కంపెనీలు ఎన్ని ఉన్నా గ్రిడ్ ఒక్కటే. ఎంపిక మన జేబును కాపాడగలదు, గ్రిడ్‌ను కాపాడలేదు.

మన దేశంలో

2003 విద్యుత్ చట్టం ప్రకారం ఒక మెగావాట్, అంతకు పైన వాడే ఫ్యాక్టరీలు తీగల అద్దె కట్టి వేరేచోట కరెంటు కొనుక్కోవచ్చు. 2022 నిబంధనలతో సౌర, పవన విద్యుత్తు వంటివాటికి ఆ హద్దు 100 కిలోవాట్లకు తగ్గింది. 2008 నుంచి విద్యుత్ ఎక్స్ఛేంజి కూడా ఉంది. రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఒక్కో భాగానికి అక్కడ ధర కడతారు. ఇళ్ళకు ఎంపిక ముంబయి వంటి కొద్దిచోట్లే ఉంది.

ఒకే ప్రాంతంలో పలువురు అమ్మకందారులను అనుమతించే బిల్లు 2022 ఆగస్టు 8న లోక్‌సభకు వచ్చింది, కాని చట్టం కాలేదు. పోటీ వస్తే సేవ మెరుగవుతుందని కొందరన్నారు. లాభం వచ్చే వాడుకదారులను ప్రైవేటు కంపెనీలు ఎగరేసుకుపోతే, పొలాల మోటార్లకు ఇచ్చే ఉచిత విద్యుత్తు భారం ఎవరు మోస్తారని మరికొందరు అడిగారు. రెండూ ఆలోచించవలసిన మాటలే. రేపు మీరు పెద్దయ్యేసరికి ఈ ఎంపిక మీ ముందుకు రావచ్చు. ఆనాటికి బిల్లు చదవడం మీకు వచ్చి ఉండాలి.

చేసి చూడండి

1. మీ ఇంటి గత మూడు బిల్లులు తీసుకోండి. మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు ధర కట్టండి. ఏ నెలలో ఎక్కువ? ఎందుకు?

2. పై లెక్కలో 1,000 దాటాక ఎన్ని యూనిట్ల దగ్గర రెండు పథకాలూ సమానమవుతాయి? (జవాబు: సుమారు 1,667)