స్లైస్ మొదలయ్యేది ఆఫీసు కుర్చీలో

వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం తెల్లవారుజామునే గోల్ఫ్ కోర్సుకి పరిగెత్తే ఉద్యోగుల్లో చాలామందిది ఒకటే గోడు. ఎంత గురిచూసి కొట్టినా బంతి కుడికి వంకర తిరిగిపోతుంది. కుడిచేతి వాటం వాళ్ల విషయంలో దాన్నే స్లైస్ అంటాం. కొత్త డ్రైవర్ క్లబ్బు కొంటారు, పట్టు మారుస్తారు. నేనూ రెండేళ్లు ఆ పనే చేశాను. తప్పు చేతుల్లో కాదు, వీపులో ఉందని ఫోన్‌లో వీడియో చూసుకున్నాకగానీ తెలియలేదు. గూనిగా వంగిన వీపు, ముందుకు చొచ్చుకొచ్చిన మెడ, ఛాతీకి ఆనిన గడ్డం. ఆఫీసులో ఎలా కూర్చుంటానో బంతి ముందూ అలాగే నిలబడ్డాను.

చదువుతున్నది ఆపి ఒక్కసారి కుర్చీ అంచుకి జరగండి. వీపు గూనిగా వంచి కుడికి తిరిగి చూడండి. ఇప్పుడు నిటారుగా కూర్చుని తిరగండి. ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది. వీపు గుండ్రంగా ఉంటే భుజాలు తిరగవు, క్లబ్బుని చేతులే పైకి ఎత్తుకుంటాయి. దిగేటప్పుడు అవి ఒంటికి దూరంగా, గొడ్డలితో నరికినట్టు వస్తాయి. క్లబ్బు బయటి నుంచి లోపలికి కోసుకుపోతుంది. దాని ముఖం ఆ దారికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి తిరగక ఏం చేస్తుంది?

క్లబ్బు తిరిగే ఆ వాలునే స్వింగ్ ప్లేన్ అంటారు. గోల్ఫ్ ఆటగాడు బెన్ హోగన్ 1957లో వచ్చిన ‘ఫైవ్ లెసన్స్’ పుస్తకంలో దీన్ని బంతి దగ్గర నుంచి భుజాల మీదికి వాల్చిన గాజు పలకగా చూపించాడు. నాకైతే గోడకి ఆనించిన బండి చక్రం గుర్తొస్తుంది. వెడ్జ్ క్లబ్బు పొట్టిది, బంతి కాళ్లకి దగ్గరగా ఉంటుంది, కాబట్టి చక్రం నిలువుగా నిలుస్తుంది. డ్రైవర్ దాదాపు 45 అంగుళాలు, బంతి దూరం, చక్రం బాగా వాలుతుంది. మీరు సరిగ్గా వంగితే ఆ వాలు చాలావరకు దానంతటదే వస్తుంది.

వంగాల్సింది నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర. వరినాట్లు వేసేవాళ్లని చూడండి, పిరుదులు వెనక్కి పోతాయి, వీపు చాపుగా ఉంటుంది. మనకి అందులో సగం వంపు కూడా అక్కర్లేదు. ఒక క్లబ్బుని వెన్ను వెంబడి నిలువుగా పట్టుకోండి. తల వెనక, భుజాల మధ్య, వెన్ను అడుగున మూడు చోట్లా అది తగులుతూ ఉండగానే వంగాలి. ఏ ఒక్కచోట విడిపోయినా మళ్లీ మొదలుపెట్టండి. మోకాళ్లు కాస్త సడలించి, బరువు పాదాల మధ్యలో ఉంచి, చేతుల్ని భుజాల కింద వేలాడనివ్వండి. చేతికీ తొడకీ మధ్య వెడ్జ్‌కైతే పిడికిలంత, డ్రైవర్‌కైతే జానెడు ఎడం ఉండాలి.

ఈ వంపు సాధనకి మైదానం అక్కర్లేదు, ఆఫీసు గోడ చాలు. గోడకి వీపు పెట్టి జానెడు దూరంలో నిలబడండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, పిరుదులు గోడకి ఆనేదాకా వంగండి. అలాగే స్వింగ్ చేస్తున్నట్టు అటూ ఇటూ తిరగండి. ముందు కుడి పిరుదు, తర్వాత ఎడమ పిరుదు ఆనాలి. మధ్యలో గోడ వదిలేశారంటే మైదానంలో మీ తుంటి బంతి వైపు తోసుకెళ్తోందన్నమాట. అప్పుడు చేతులకి చోటుండదు, ప్లేన్ చెదిరిపోతుంది. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు చెయ్యండి. నొప్పి కాల్లోకి లాగితే మాత్రం ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి.

ప్రాక్టీసు రేంజికి వెళ్లినప్పుడు ఫోన్‌ని బంతికి వెనక, అది వెళ్లాల్సిన గీత మీద, చేతుల ఎత్తులో పెట్టండి. పైకి వెళ్లేటప్పుడు ఎడమ చెయ్యి నేలకి సమాంతరంగా వచ్చిన చోట వీడియో ఆపి, పట్టు చివర ఎటు చూస్తోందో చూడండి. బంతి గీత వైపు చూస్తే బాగుంది. పాదాల వైపు చూస్తే ప్లేన్ మరీ నిలువు, బంతికి అవతలికి చూస్తే మరీ వాలు.

మొదట్లో బంతి ఇంకా అధ్వాన్నంగా పోతుంది, బెంగపడకండి. రెండు వారాలు డ్రైవర్‌ని బ్యాగులోనే ఉంచి, సెవెన్ ఐరన్‌తో సగం స్వింగులే కొట్టండి. ప్రతి బంతికీ ముందు క్లబ్బుని వెన్నుకి ఆనించి, ఆ మూడు చోట్లూ తగిలాకే నిలబడండి.